ఆంజనేయస్వామి బదిలీ

ఆ మహానగరంలో నులకబజారు చౌరస్తా పేరు చెబితే ఆటోవాడు మీటరు వైపు చూడడు, ఆకాశం వైపు చూస్తాడు. నాలుగు దారులూ అంత ఇరుకు. ఒకప్పుడు అక్కడ మంచాల నులక చుట్టలు చుట్టలుగా పోసి అమ్మేవారు. ఇప్పుడు నులక మంచాలే లేవు, పేరొక్కటి మిగిలింది. చౌరస్తాకి ఒక మూల ఆంజనేయస్వామి గుడి, రెండో మూల దర్గా, మూడో మూల చర్చి, నాలుగో మూల ఇరానీ హోటలు. ఏ మూల నిలబడి దణ్ణం పెట్టినా తక్కిన మూలలకి కూడా చెందుతుందని ఆ చుట్టుపక్కల జనం నమ్మకం. హోటలు యజమానికి అలా ముట్టిన దణ్ణాలు తక్కువేమీ కాదు.

గుడి అర్చకుడు సింగరాచార్యులు. ఆయన తండ్రీ అక్కడే అర్చకుడు, తాతా అక్కడే. స్వామి నిలువెత్తు విగ్రహమేమీ కాదు, ఒకటో తరగతి పిల్లాడంత ఉంటాడు. ఆచార్యులకీ ఆండాళమ్మకీ పిల్లల్లేరు. అందుకనో, స్వామి పొట్టివాడు కావడం వల్లనో, ఆచార్యులు పొద్దున్నే గుడి తలుపు తీస్తూ "లేచావా నాయనా" అంటాడు. తలుపు వేస్తూ "అల్లరి చెయ్యకు" అంటాడు. మంగళవారం సిందూరంలో కలిపే నువ్వులనూనె గోరువెచ్చగా లేకపోతే స్వామి అలుగుతాడని ఆయనకి గట్టి నమ్మకం. ఒక చలికాలం తొందరపడి చల్లటి నూనె పూస్తే, స్వామి ఆ వారమంతా మొహం పక్కకి తిప్పుకున్నాడని ఆండాళమ్మతో చెప్పాడు.

"విగ్రహం మొహం మొదట్నించీ పక్కకే కదండీ," అందావిడ.

"ఇంకాస్త పక్కకి," అన్నాడు ఆచార్యులు.

అలా ఆయన కాలం నూనె వెచ్చబెట్టుకుంటూ గడిచిపోవలసిందే. కానీ ఆ ఏడు ఎన్నికలొచ్చాయి.

ఎన్నికలంటే ముందుగా వచ్చేవి ఉత్తర్వులు. ఒకేచోట మూడేళ్ళు దాటి పనిచేస్తూ, ప్రజలను ప్రభావితం చేయగల స్థితిలో ఉన్నవారందరినీ తక్షణం బదిలీ చేయవలెనని అన్ని శాఖలకూ వచ్చింది. ఎమ్మార్వోలు కదిలారు, ఎస్సైలు కదిలారు, పిల్లలకి మధ్యలో బళ్ళు మార్చడం కుదరక భార్యలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయారు. సాయంత్రానికి ప్రతి శాఖవాళ్ళూ మేమింతమందిని కదిపామంటే మేమింతమందిని కదిపామని పైకి తెలియజేసుకున్నారు.

ఆరాధనా స్థలాల సమన్వయ విభాగంలో మాత్రం కదపడానికి ఎవరూ లేరు. ఆ విభాగంలో ఉన్నదే అదనపు సంచాలకులు ఉమాకాంతం గారు, ఒక సూపరింటెండెంటు, ఒక అటెండరు. ఆ ముగ్గురూ ప్రభావితం చేసిన ప్రజలు ఇంతవరకు కనబడలేదు. బదిలీలు శూన్యం అని పైకి రాస్తే, మీ విభాగమే శూన్యం చేస్తే పోలేదా అని పైవాళ్ళకి తోచవచ్చు. ఉమాకాంతం గారు ఉత్తర్వు మళ్ళీ చదివారు. ఆయన ఏ ఉత్తర్వునైనా మళ్ళీ చదివారంటే ఎవరికో ఒకరికి మూడిందన్నమాటే.

"ఈ నగరంలో ప్రజలను అత్యధికంగా ప్రభావితం చేస్తున్నది ఎవరయ్యా?" అని సూపరింటెండెంటుని అడిగారు.

"సీరియల్స్ వాళ్ళండి."

"మన పరిధిలో చెప్పు."

సూపరింటెండెంటు ఆలోచించాడు. "పూజార్లు, ముజావర్లు, పాస్టర్లు... కానీ వాళ్ళు మన ఉద్యోగులు కారు కదండీ."

"పండగలకి శాలువాలు కప్పుతున్నామా లేదా?"

"కప్పుతున్నామండి."

"ప్రభుత్వ శాలువా భుజాన పడిన వ్యక్తి ప్రభుత్వ పరిధిలోకి వచ్చినట్టు. చలిగా ఉందని కప్పుకున్నాడో, గౌరవమని కప్పుకున్నాడో అది మనకి అప్రస్తుతం."

"చిత్తం. మరి ఏ మతం వారిని ఆ మతం చోటికే..."

ఉమాకాంతం గారు కళ్ళజోడు తీశారు. "మతం అడుగుతావా? లౌకిక ప్రభుత్వంలో కూర్చుని ఒక మనిషిని నీ మతమేమిటని అడుగుతావా? అందరూ ఆరాధనా సేవకులు. పోస్టు ఒక్కటే. ఖాళీ ఎక్కడుంటే అక్కడికి."

ఇలా బదిలీలు పుట్టాయి.

కౌన్సెలింగు మున్సిపాలిటీ వారి కల్యాణమండపంలో పెట్టారు. పంచెలు, గడ్డాలు, తెల్ల అంగీలు, తలపాగాలు వరసలో నిలబడ్డాయి. లోపల పెళ్ళికూతురి కుర్చీలో ఉమాకాంతం గారు కూర్చున్నారు. ఆ మండపంలో గట్టి కుర్చీ అదొక్కటే.

సింగరాచార్యులు వంతు వచ్చింది.

"ఎన్నేళ్ళుగా ఉన్నారు?" అన్నారు ఉమాకాంతం గారు.

"పుట్టినప్పట్నుంచీ అక్కడే బాబూ."

"లాంగ్ స్టాండింగ్," అన్నారు ఆయన, క్షయ అని చెప్పే డాక్టరులాగ. "స్పౌజ్ కేటగిరీ ఉందా? మీ ఆవిడ ఎక్కడ పనిచేస్తుంది?"

"ఇంట్లోనండి."

"అది పనికిందకి రాదు. అనారోగ్యం?"

"నాకు మోకాళ్ళు పట్టేస్తాయి."

"మోకాలు లేదు. గుండె అయితే చూసేవాళ్ళం." ఉమాకాంతం గారు నగరం పటం మీద వేలు పెట్టి జరుపుకుంటూ పోయారు. "ఊరికి ఆ చివర గురుద్వారా ఖాళీ ఉంది. మంచి స్టేషను. భోజనానికి ఇబ్బంది ఉండదు. కాదంటే పడమటి వైపు జైనమందిరం. అక్కడ చీకటిపడితే డ్యూటీ ఉండదు."

ఆచార్యులకి ఈ మాటలేవీ చెవికెక్కలేదు. ఆయన కళ్ళముందు నూనెగిన్నె ఒక్కటే ఆడుతోంది. "బాబూ, నేను పోతే మా స్వామికి నూనె ఎవరు వెచ్చబెడతారు?"

"కొత్తగా వచ్చే సేవకుడు చూసుకుంటాడు. వ్యక్తులు శాశ్వతం కాదు, వ్యవస్థ శాశ్వతం. నెక్స్ట్."

ఆచార్యులు బయటికి వచ్చి మెట్లమీద కూలబడ్డాడు. పక్కనే దర్గా ముజావరు హుసేన్ పీరా, చర్చి పాస్టరు రత్నరాజు కూర్చుని ఉన్నారు. పీరా చేతిలో నెమలీకల కట్ట. భయపడ్డ పిల్లల్ని దాంతో తట్టి పంపడం ఆయన పని. రత్నరాజు గారు మనిషి బహు మంచివాడు. ప్రసంగం మొదలుపెట్టారంటే ఆదివారం సోమవారంలోకి పోతుందని ఆయన సంఘంవాళ్ళే అంటారు.

"నాకు విమానాశ్రయం అవతల అమ్మవారి గుడి వేశారు," అన్నారు రత్నరాజు గారు నిదానంగా. "జాతరకి ముందే చేరాలట. ప్రభువు చిత్తం ఏమిటో అంతుబట్టడం లేదు."

"నాకేదో బౌద్ధుల మందిరమట. నోరిప్పొద్దన్నరు," అన్నాడు పీరా. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సామీ, మా అల్లుడు సర్కారు బడిల సారు. బదిలీల సంగతి ఆయనకు తెల్వంది లేదు. మ్యూచువల్ అని ఒకటుంటది. నా కుర్చీ నీకు, నీ కుర్చీ నాకు. ఇద్దరూ ఒప్పుకుంటే దూరం పంపరు."

"అంటే?"

"నువ్వు దర్గాకు రా. నేను చర్చికి పోత. పాస్టరుగారు మీ గుడికి పోతరు. పేరుకే. మళ్ళ ఎవరి జాగల వాళ్ళం కూసుందాం. ఎవడు చూడొచ్చిండు?"

రత్నరాజు గారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. "అబద్ధం అవుతుందేమో సహోదరుడా."

"అబద్ధం ఎట్లయితది? కాయితం మీద నిజమే గద."

ఆ మాటతో ముగ్గురూ లోపలికి వెళ్ళారు. త్రికోణ మ్యూచువల్ అనేది శాఖ చరిత్రలోనే మొదటిదని ఉమాకాంతం గారు ముచ్చటపడి అక్కడికక్కడే మంజూరు చేశారు.

ఎవడు చూడొచ్చాడన్నాడు పీరా. ఫోను చూసింది.

సేవకులందరూ పొద్దున్న డ్యూటీ ఎక్కేటప్పుడు కొత్త చోట నిలబడి తమ మొహం తామే ఫోటో తీసి పంపాలని వారం తిరక్కుండా ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఎక్కడ నిలబడి తీశారో అది కూడా ఫోనే చెప్పేస్తుంది. ఆచార్యులు దర్గా గడపలో నిలబడి ఫోను ఎత్తేవాడు. నామాలు అడ్డంవచ్చి మొహం గుర్తుపట్టడం లేదనేది ఫోను. తల వంచితే నామాలు కనబడక ఈ మొహం ఎవరిదనేది. ఎట్టకేలకు ఒప్పుకోగానే ఆయన పంచె ఎగ్గట్టి గుడివైపు పరుగు. అదే సమయానికి గుళ్ళోంచి రత్నరాజు గారు చర్చివైపు పరుగు. చర్చిలోంచి పీరా దర్గావైపు పరుగు. చౌరస్తా మధ్యలో ముగ్గురూ ఎదురుపడేవారు. 

"నూనె?" అనేవాడు ఆచార్యులు పరిగెడుతూనే.

"మీ ఆవిడ పొయ్యిమీద పెట్టారు," అనేవారు రత్నరాజు గారు.

పొద్దున ఒక్కసారే అయితే ఎలాగో గడిచేది. ఫోటో మధ్యాహ్నం కూడా పంపాలన్నారు, సాయంత్రం కూడా అన్నారు. ముగ్గురు పెద్దమనుషులు పూటపూటా అడ్డంపడి పరిగెత్తుతుంటే బస్సులు ఆగాయి. బస్సుల వెనక లారీలు, లారీల వెనక పెళ్ళిబృందాలు. ఆ వరసలో ఇరుక్కున్న ఒక పెళ్ళికొడుకు చౌరస్తా దాటేలోపల గడ్డం రెండుసార్లు గీయించుకున్నాడని హోటల్లో ఈనాటికీ చెప్పుకుంటారు. గీసిన మంగలి కూడా అదే వరసలో ఇరుక్కున్నవాడే.

ఒకనాడు ఆ వరసలో ఉమాకాంతం గారి కారు కూడా ఇరుక్కుంది. ఆయన దిగి ముందుకి నడిచి వచ్చి కారణం కళ్ళారా చూశారు. 

"ఆగండి," అన్నారు. ముగ్గురూ ఆగారు, రోడ్డు మధ్యలోనే. పీరా అలవాటుకొద్దీ ఆయన తలమీద నెమలీకల కట్టతో ఒకటి తట్టాడు.

"నాకు భయం పట్టలేదు," అన్నారు ఉమాకాంతం గారు. "పట్టేది మీకు. రేపట్నుంచి ఎవరి కొత్త స్థానంలో వారు పూర్తికాలం ఉండాలి. సేవ చేస్తున్నట్టు ఫోటోలో కనబడాలి. కాదంటే మ్యూచువల్ రద్దు. గురుద్వారా ఇంకా ఖాళీగానే ఉంది."

ఆ రాత్రి ఆచార్యులు అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయాడు.

"ఎదురు రోడ్డేగా," అంది ఆండాళమ్మ. "ఇక్కడ తుమ్మితే అక్కడ వినబడుతుంది."

"వాడికి నా చెయ్యి అలవాటు," అన్నాడు ఆచార్యులు.

మర్నాటినుంచి ఎవరి స్థానంలో వారున్నారు. గుళ్ళో రత్నరాజు గారు తీర్థం ఇవ్వబోతూ, ఊరికే ఇవ్వడం ఎందుకని "ప్రియ సహోదరులారా" అని మొదలుపెట్టేవారు. గుడికి వచ్చి చెప్పులు పూర్తిగా విప్పకుండానే దణ్ణం పెట్టి పోయే జనం, చెయ్యి చాపి ముప్పావుగంట నిలబడ్డారు. ఇంత విన్న తర్వాత దొరికిన తీర్థం మహిమే వేరన్నారు. చర్చిలో పీరాకి ప్రసంగం రాదు. ఆదివారం వేదికెక్కి, అందరివైపు దయగా చూసి, గంటసేపు మాట్లాడకుండా కూర్చుని దిగాడు. ఇన్నేళ్ళలో ఇంత చక్కటి ఆరాధన జరగలేదని సంఘపెద్దలు కన్నీళ్ళు పెట్టుకున్నారు. దర్గాలో ఆచార్యులకి నెమలీకలతో తట్టి ఊదడం చేతకాదు. భయపడ్డ పిల్లల్ని తీసుకొస్తే, గుళ్ళోంచి తెచ్చుకున్న శఠగోపం నెత్తిన పెట్టి "ఏం నాయనా, కుక్కా? చీకటా?" అని అడిగేవాడు. పిల్లలు చెప్పేవారు. చెప్పాక భయం తగ్గేది.

మంగళవారం పొద్దున మాత్రం ఆచార్యులు దర్గా అరుగుమీద నిలబడి రోడ్డు అవతలికి చెవి పెట్టేవాడు. 

"గోరువెచ్చగానే చేశాను అయ్యగారూ," అని గుళ్ళోంచి అరిచేవారు రత్నరాజు గారు. "మోచేత్తో చూశాను. పసిపిల్లకి నీళ్ళు పోసేటప్పుడు చూసినట్టు."

ఆచార్యులు తలూపేవాడు. అక్కడితో ఆ బాధకి ఒక ఒడ్డు దొరికినట్టే అయింది.

కానీ చూశారూ, ప్రభుత్వంలో ఒక పని చెడితే వదిలేస్తారు. బాగుపడితే దానికి రెండోదశ ఉంటుంది. నులకబజారులో భక్తులు పెరిగారు, ఫిర్యాదులు లేవు, ముఖ్యంగా ప్రసంగాలు తగ్గాయని చర్చి సంఘం నుంచి కృతజ్ఞతలు కూడా వచ్చాయని పైకి తెలిసింది. పైవాళ్ళు ఉమాకాంతం గారిని పిలిచి శాలువా కప్పారు. ఆ సభలో ఒక పెద్దాయన మామూలుగా ఒక మాటన్నాడు: "సేవకుల్ని కదిపారు, సంతోషం. కానీ జనం వచ్చేది సేవకుల కోసం కాదు కదా."

ఉమాకాంతం గారికి ఆ రాత్రి నిద్రపట్టలేదు. సిబ్బందిని బదిలీ చేసి అసలు అధికారిని వదిలేశారు. ఎన్నికలవేళ ఇంత లోపం.

మర్నాడు ముగ్గురినీ కార్యాలయానికి పిలిపించారు.

"మీ దర్గాలో ఉన్న పెద్దలు?" అని పీరాని అడిగారు.

"హజ్రత్ వారు పర్దా చేసి, కన్నుమూసి వందల ఏండ్లయింది సార్."

"పదవీ విరమణ పొందినవారు. వర్తించదు." రత్నరాజు గారివైపు తిరిగారు. "మీ ప్రభువు ఎక్కడ ఉంటారు?"

"అంతటా ఉంటారండి."

"నిర్దిష్టమైన స్టేషను లేదు. వర్తించదు." ఇక ఆచార్యులవైపు తిరిగి, గొంతు కొంచెం మెత్తబరిచారు. "ఆంజనేయస్వామి వారి సంగతేమిటి?"

"ఆయనా అంతటా ఉంటాడు బాబూ," అన్నాడు ఆచార్యులు గబగబా.

"విగ్రహం ఉందిగా. విగ్రహం ఉన్నచోట స్టేషను ఉన్నట్టే. సరే, ఆయన పదవీ విరమణ వయసు?"

ఆచార్యులకి అబద్ధం చెబుదామంటే చిన్నప్పట్నుంచీ చదివింది అడ్డొచ్చింది. "ఆయన చిరంజీవండి."

"చూశారా. పదవీ విరమణ లేదు. ఒకేచోట పాతుకుపోయారు. ప్రజలపై ప్రభావం అపారం. ఇంతకన్నా లాంగ్ స్టాండింగ్ నా సర్వీసులో చూడలేదు. స్పౌజ్ కేటగిరీ?"

"బ్రహ్మచారి," అన్నాడు ఆచార్యులు.

"అయితే ఏ పాయింట్లూ లేవు. ఆ వీధి చివర రాములవారు సతీసమేతంగా ఉన్నారు, వారిని ముట్టుకోలేం. బ్రహ్మచారులకి దూరప్రాంతం తప్పదు." ఆయన పటం మీద వేలు జరిపి జరిపి అంచుదాకా తీసుకెళ్ళారు. "రింగురోడ్డు అవతల చెత్తకొండ వార్డు. అక్కడ ఇంతవరకు ఏ దేవుడూ జాయిన్ కాలేదు. ఒకవైపు డంపింగ్ యార్డు, ఒకవైపు కరెంటు సబ్‌స్టేషను. సేవకు చాలా అవకాశం ఉంది."

"నేను కూడా వెంట పోతాను," అన్నాడు ఆచార్యులు. "దర్గా అరుగుమీద కూర్చునేవాణ్ణి, ఆ చెత్త పక్కన కూర్చుంటాను. నన్ను కూడా పంపండి."

"మీరు దర్గా స్టాఫు. మూడేళ్ళు పూర్తికాకుండా కదలడానికి వీల్లేదు." ఉమాకాంతం గారు నిజంగానే నొచ్చుకున్నారు. "నేను చేసేదేముంది ఆచార్యులుగారూ. నిబంధన దేవుడిలాంటిది, మనం కదపలేం."

"మరి దేవుణ్ణి కదుపుతవేంది సార్?" అన్నాడు పీరా.

"అది నిబంధనలో ఉంది."

గురువారం సాయంత్రం అయిదుగంటలలోగా స్వామివారు రిలీవ్ కావాలని ఉత్తర్వు. గురువారం పొద్దున్నే క్రేను వచ్చింది. నులకబజారు నాలుగు దారుల్లో ఏ దారినైనా క్రేను వస్తుంది గానీ చౌరస్తాలో తిరగదన్న సంగతి వీధిలో మేకలకి కూడా తెలుసు. వెళ్ళి చెప్పాలని మాత్రం ఎవరికీ అనిపించలేదు. క్రేను ముక్కు హోటల్లోకి, తోక చర్చి గేట్లోకి వెళ్ళి ఆగింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. హోటలువాడు దాని ముక్కుకి గుడ్డలు ఆరేసుకున్నాడు. మధ్యాహ్నానికి క్రేను డ్రైవరుకి అక్కడ ఖాతా కూడా మొదలైంది.

ఆచార్యులు ఇదేదీ చూడలేదు. దర్గా అరుగుమీద గుడివైపు తిరిగి కూర్చున్నాడు. లోపల దీపం వెనక పక్కకి తిరిగిన ఆ మొహం ఇక్కణ్ణించి కొంచెం కనబడుతుంది. ఆండాళమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ చేతిలో నూనెగిన్నె ఉంది. ఈరోజు మంగళవారం కాదని ఆయనా అనలేదు, ఆవిడా అనలేదు.

నాలుగున్నర అయింది. క్రేను పక్కన నిలబడ్డ ఉమాకాంతం గారు గడియారం చూసుకుని చెమట తుడుచుకున్నారు. "అయిదులోపు రిలీవ్ కాకపోతే నా మీదికి వస్తుందయ్యా."

సూపరింటెండెంటు దగ్గాడు. "సార్, రిలీవ్ కావడానికి మనిషి కదలనక్కర్లేదు కదండీ. మన శాఖలో ఎంతమంది బదిలీ అయి కూడా పాత క్వార్టర్లు ఖాళీ చెయ్యకుండా ఉండటం లేదు? స్వామివారు రిలీవ్ అయ్యారు, క్వార్టరు మాత్రం కొంతకాలం అట్టేపెట్టుకున్నారు. జాయినింగు టైములో ఉన్నట్టు."

ఉమాకాంతం గారి మొహం విప్పారింది. విగ్రహం ముందుకి వెళ్ళి, చేతులు కట్టుకుని, "తమరు ఈ సాయంత్రం నుంచి ఇక్కడి బాధ్యతల నుంచి విముక్తులయ్యారు. తమ సేవలు మరువలేనివి," అన్నారు. తన భుజాన ఉన్న శాలువా తీసి స్వామికి కప్పారు కూడా. బదిలీ అయినవారికి కప్పడం ఆనవాయితీ.

"ఇంకొకటి సార్," అన్నాడు సూపరింటెండెంటు. "చార్జి ఎవరికి ఇచ్చినట్టు? పోస్టు ఖాళీగా ఉంటే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు."

అందరూ రత్నరాజు గారివైపు చూశారు. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. "నేను సేవకుణ్ణి మాత్రమే. ప్రభువు ఈ ఒక్కటీ నన్ను అడగకుండా ఉండాలి."

"నిజమే," అన్నారు ఉమాకాంతం గారు. "కిందివాడికి పైపోస్టు ఇవ్వకూడదు. ఈ స్టేషన్లో సీనియరు ఎవరు?"

"శాలువాలు లెక్కపెట్టుండ్రి సార్," అన్నాడు పీరా వెంటనే. "ఎవరికెక్కువ కప్పిన్రో వాళ్ళే సీనియరు. మా సామి ఇంట్ల కిటికీల పర్దాలు కూడ శాలువాలే."

ఆండాళమ్మ తలూపింది. దిండుగలీబులు కూడా అని చెప్పింది.

గడియారంలో అయిదు కావస్తోంది. వెనక నుంచి బస్సులు హారన్లు కొడుతున్నాయి. ఉమాకాంతం గారు క్రేను చక్రం మీదే కాగితం పెట్టి రాశారు. దర్గాలో విధులు నిర్వహిస్తున్న శ్రీ సింగరాచార్యులు గారు తమ ప్రస్తుత బాధ్యతలకు అదనంగా, తదుపరి ఉత్తర్వులు వెలువడేవరకు, నులకబజారు శ్రీ ఆంజనేయస్వామి వారి పూర్తి అదనపు బాధ్యతలు స్వీకరించవలెను.

"అంటే నేనేం చెయ్యాలి బాబూ?" అన్నాడు ఆచార్యులు. 

"గర్భగుడిలో అందుబాటులో ఉండాలి. ప్రజలు వచ్చి చెప్పుకుంటారు, వినాలి. ఇన్‌చార్జి కనుక రొటీన్ పనులు మాత్రమే చూడాలి. విధాన నిర్ణయాలు తీసుకోకూడదు."

ఆ తర్వాత మాటలు ఆచార్యులు వినలేదు. పట్టిన మోకాళ్ళు ఎప్పుడు వదిలాయో, రోడ్డు దాటి గుళ్ళో ఉన్నాడు. ఆండాళమ్మ నూనెగిన్నె అందించింది.

"లేచావా నాయనా," అన్నాడు సాయంత్రం అయిదుగంటలకి.

ఆ రోజునుంచి నులకబజారు ఆంజనేయుడి పనులు సింగరాచార్యులు చూస్తూ వచ్చాడు. విగ్రహం పక్కన చిన్న పీట. పరీక్షలకి భయపడే పిల్లలు, పీడకలలు, కొత్త బండి తాళాలు, ఇవన్నీ రొటీన్. ఆయనే శఠగోపం పెట్టి పంపేసేవాడు. వానలు, సంతానం, ఎంతకీ తెమలని కోర్టు కేసులు వస్తే, "ఇది నా పరిధి కాదమ్మా" అని విగ్రహంవైపు తిరిగి, "నాయనా, నువ్వు చూడాలి" అనేవాడు. జనం ఎప్పుడూ వెళ్ళినట్టే వెళ్ళి, ఎప్పుడూ వచ్చినట్టే వచ్చారు. రత్నరాజు గారు మాత్రం కొంచెం ఇబ్బందిపడ్డారు. పొద్దున హారతి ఇచ్చేటప్పుడు ఇన్‌చార్జికి కూడా ఇవ్వాలా వద్దా అని. ఆచార్యులు పీట మీంచి పక్కకి జరిగేవాడు.

ఎన్నికలు అయిపోయాయి. కొత్తవాళ్ళు వచ్చి పాత ఉత్తర్వులన్నీ మళ్ళీ చదివించారు. ఆరాధనా స్థలాల సమన్వయ విభాగం పుట్టిన నాటినుంచి ఉమాకాంతం గారు ఒకే కుర్చీలో ఉన్నారని తేలింది. పైగా చెత్తకొండ వార్డుకి వేసిన అధికారి ఒకరు ఇంతవరకు జాయిన్ కాలేదని కూడా తేలింది. ఆ అధికారి జాయినయ్యేవరకు అక్కడే ఉండి, ఆయనకి స్వాగతం పలికి, చార్జి అప్పగించి గానీ కదలకూడదని ఉమాకాంతం గారిని చెత్తకొండకి వేశారు.

ఆయన మూడు వారాలు అక్కడ కూర్చున్నారు. గాలి మళ్ళితే ఒకవైపు కుర్చీ, మళ్ళీ మళ్ళితే ఇంకోవైపు కుర్చీ. నాలుగో వారం ఒక మంగళవారం పొద్దున నులకబజారులో ఆటో దిగారు. చెప్పులు విప్పి, గర్భగుడి ముందు నిలబడి, విగ్రహంవైపు చూడాలా పీటవైపు చూడాలా తెలియక మధ్యలో చూసి చేతులు జోడించారు.

"స్వామీ," అన్నారు. ఎవర్ని అన్నారో ఆయనకే తెలియాలి. "నన్ను అక్కణ్ణించి తప్పించండి. బదిలీ రద్దు చేయించండి. అన్నం ముందు కూర్చుంటే ఏ వాసన ఎక్కణ్ణించి వస్తోందో తెలియడం లేదు."

ఆచార్యులు నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. రత్నరాజు గారిని పిలిచి ఆయనకి తీర్థం ఇప్పించాడు, ఆ పూటకి ప్రసంగం లేకుండా. తను లేచి శఠగోపం పెట్టాడు. రోడ్డు అవతల చర్చి మెట్లమీదున్న పీరా నెమలీకల కట్ట ఊపి, కావాలంటే నేనూ వస్తానని సైగ చేశాడు.

"ఇంతవరకు రొటీన్ బాబూ, చేశాను," అన్నాడు ఆచార్యులు. "బదిలీ అంటే విధాన నిర్ణయం. నేను ఇన్‌చార్జిని. రెగ్యులర్ అధికారికే చెప్పుకోవాలి."

"ఆయన ఎక్కడ ఉన్నారు?"

"చెత్తకొండలో జాయినవుతారు కదా. మీరు అక్కడే ఉండండి. రాగానే మొదట మీకే కనబడతారు."

ఉమాకాంతం గారు విగ్రహంవైపు చూశారు. తను కప్పిన శాలువా ఇంకా స్వామి భుజాన ఉంది, సిందూరం అంటి ఎర్రబడింది. స్వామి మొహం పక్కకే ఉంది. ఇంకాస్త పక్కకి ఉన్నట్టు ఆయనకి కూడా తోచింది.

ఆయన వెళ్ళాక ఆచార్యులు గిన్నె అందుకుని మోచేయి ముంచి చూశాడు. 

"మాటల్లో పడి చల్లారిపోయింది, ఉండు నాయనా," అని మళ్ళీ పొయ్యిమీద పెట్టాడు.